గోడ నీళ్ళ వాటా

ఆ పొద్దున వడివమ్మాళ్ కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి గోడవారగా ఆరబోసిన చింతపండు మీద సున్నం పెచ్చులు రాలుతున్నాయి. గోడ అవతల టకటకమని ఉలి చప్పుడు.

"రోసలీ! పొద్దున్నే ఏం తవ్వుతున్నావే? నా చింతపండంతా సున్నమైపోయింది!"

"దూలానికి కన్నం, వడివక్కా! మార్తాకి రేకుల షెడ్డు వేయిస్తున్నా. వానలొచ్చేలోపు మిషన్లు లోపల పడాలిగా!"

మా వీధిలో అందరికీ తెలుసు. రోసలీ కూతురు మార్తా కిందటి నెల మొగుణ్ణి వదిలేసి, రెండు కుట్టుమిషన్లతో పుట్టింటికి వచ్చేసింది. ఉన్న రెండు గదుల్లో మిషన్లకి చోటేదీ? టార్పాలిన్ పట్టా కప్పుకుని పెరట్లోనే ఉన్నాయి. "వానలు పడనీ, నువ్వే తిరిగొస్తావు" అన్నాడట మొగుడు. పుదుచ్చేరిలో దీపావళి నాటి ఐప్పసి నెల వానంటే తమాషా కాదు. అది తరుముకొస్తోంది.

ఇంతలో వడివమ్మాళ్ కొడుకు ఇనియన్ నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు.

"ఎవర్నడిగి కొడుతున్నారు? ఆపండి!"

"ఉమ్మడి గోడకి అడిగేదేముందిరా?" రోసలీ ముక్కాలిపీట ఎక్కి, గోడ మీదుగా తల పెట్టింది. "నీ పెళ్ళికి పందిరి గుంజ ఈ గోడకే కొట్టావు. నన్నడిగావా?"

ఇనియన్ నోటరీ దగ్గర గుమస్తా. మేడ మీద గది వేసుకోవాలని ఏడాదిగా ఈ గోడ మీద కన్నేశాడు. నోరు కడుక్కుని, తాపీగా అన్నాడు.

"అత్తా, గోడ నెత్తి చూడు. వాలు ఎటుంది?"

అందరూ తలెత్తారు. ఫ్రెంచివాళ్ళ కాలం నుంచీ ఈ ఊళ్ళో ఒక లెక్క ఉంది. గోడ మీది నీళ్ళు ఎవరి పెరట్లో పడితే గోడ వాళ్ళది. వాలు రెండువైపులా ఉంటే ఇద్దరిదీ. వీధిలో ప్రతి గోడకీ నడుమ వెన్నుంది, అటూ ఇటూ వాలుంది. ఈ ఒక్క గోడే ఇనియన్ వాళ్ళ వైపుకి మాత్రం ఒరిగి ఉంది. ఇన్నేళ్ళూ ఎవరూ దాన్ని హక్కు మాటగా చూడలేదు.

"గోడ మాది. కన్నం పూడ్పించు. లేకపోతే నోటీసు వస్తుంది."

"మా తాతా మీ తాతా కలిసి కట్టించిన గోడరా ఇది!"

"అయితే మీ తాతని సాక్ష్యానికి పిలువు."

ఛీ, ఏం మాటది! ఆవిడ చేత్తో గోరుముద్దలు తిని పెరిగినవాడు. రోసలీ మొహం మాడిపోయింది. వెనక నుంచి మార్తా గొంతు సన్నగా వినిపించింది. "వద్దులేమ్మా. మిషన్లు అమ్మేద్దాం. నేను వెళ్ళిపోతాలే."

ఉలి చప్పుడు ఆగిపోయింది.

వడివమ్మాళ్ ఆ రోజు కొడుక్కి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. కోడలు కుయిలికి మాత్రం మనసంతా గోడ మీదే ఉంది. ఎవరైనా కోరి నీళ్ళు తమ పెరట్లోకి తెచ్చుకుంటారా? బట్టలుతికే బండ ఎక్కి, అట్లకాడతో గోడ నెత్తిన గీకింది. పై సున్నం పెచ్చు ఊడొచ్చింది. కింద పాత ఇటుకల వెన్ను, సరిగ్గా నడుమ.

"అత్తయ్యా, ఇదీ అన్ని గోడల్లాంటిదే. తరవాతెవరో పూత పెంచి వాలు మనవైపుకి తిప్పారు. ఎవరు?"

"ఇంకెవరు, పోయిన మీ మామగారే. ఇనియన్ తమ్ముడి కాన్పుకి నేను పుట్టింటికెళ్ళి వచ్చేసరికి ఇలా చేసిపెట్టారు. ఎందుకయ్యా అంటే నవ్వి, మొక్కలకి మంచిదిలే అన్నారు. నా కనకాంబరాలన్నీ కుళ్ళి చచ్చాయి. ఎంత తిట్టానో!"

కుయిలి ఊరుకుంటుందా? అత్తని లేవదీసుకుని సాయంత్రం రోసలీ ఇంటికి వెళ్ళింది. విషయం తెలిసి ఇనియన్ కూడా వెనకే వచ్చాడు, గోడ వదిలేస్తారేమోనని.

"రోసలత్తా, మా మరిది పుట్టిన ఏడు మీవైపు గోడవారన ఏముండేది?"

"ఏముంటుందే, మా అమ్మ మంచం. పక్షవాతం వచ్చాక గదిలో పడుకోనని ఒకటే పేచీ, ఆకాశం కనబడాలంది. చిన్న చూరు దింపి దాని కింద వేశాం. చినుకు పడితే గోడ మీది నీళ్ళు చిమ్మి దుప్పటి తడిసిపోయేది. మేరీమాతకి మొక్కుకున్నా. నమ్ము, నమ్మకపో, ఆ ఏడు నుంచి దుప్పటి మీద చుక్క పడలేదు! ఇప్పటికీ ప్రతి ఏడూ ఆవిడకి కొవ్వొత్తి వెలిగిస్తా."

వడివమ్మాళ్ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేరీమాత కాదే రోసలీ... మా ఆయన!"

రోసలీ గోడకేసి చూసింది. చూసి చూసి, అరుగు మీద కూలబడింది. "తిరుమేనన్న? ఒక్క మాటైనా అనలేదే!"

"నాతోనూ అనలేదు." వడివమ్మాళ్ కొడుకు వైపు తిరిగింది. "విన్నావురా? ముసలామె దుప్పటి తడవకూడదని మీ నాన్న నీళ్ళు తన నెత్తిన పోసుకున్నాడు. నువ్వు దాన్ని దస్తావేజు చేసుకుంటున్నావు!"

ఇనియన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మంచం మీద కూర్చుని, క్రిస్మస్‌కి చేసే వివిక్కం కేకు తిన్నది తనే కదా. "దూలం పెట్టించత్తా," అన్నాడు చివరికి. "వాలు అలాగే ఉండనీ. నీళ్ళు మావైపే పడనీ."

"వద్దురా నాయనా. నీకు పుట్టబోయేవాడు నీకంటే తెలివైనవాడైతే?" రోసలీ ఏడుస్తూనే చురక వేసింది. "వెన్ను మళ్ళీ నడుమకి తెప్పించు. నా సగం నీళ్ళు నాకు కావాలి."

ఇనియన్ దగ్గరుండి పని చేయించాడు. వారం తిరక్కుండానే వాన దిగింది. గోడ అవతల మార్తా మిషను ఆగకుండా గడగడలాడుతూనే ఉంది.

"వడివక్కా!" అవతల నుంచి కేక. "నా వాటా రేకుల మీద మోగుతోంది, విన్నావా?"

"విన్నానే!" అంది వడివమ్మాళ్. పెరటి గుమ్మంలో నిలబడి, గోడ మీద నుంచి కారుతున్న నీళ్ళకి చెయ్యి చాపింది. ఇన్నేళ్ళూ ఆ నీళ్ళని చూసినప్పుడల్లా మొగుణ్ణి తిట్టింది. ఈసారి దోసిలి పట్టింది. నీళ్ళు సగమే పడుతున్నాయి.

"ఒక్క ముక్క చెప్పి ఉంటే తిట్టేదాన్నా అండీ?" అని ఏడ్చింది.