బుల్లెమ్మ ఎవర్నీ కొట్టలేదు

ఆ గురువారం పొద్దున్న సాల్మన్ రాజు ఇంట్లో మొదట పగిలింది టీ గ్లాసు. రెండోది ఏమిటన్నది ఆయన భార్య విజయకుమారికి వెంటనే తెలియలేదు.

గ్లాసు పగలడం ఆ ఇంట్లో పెద్ద వార్తేమీ కాదు. జనవరి వచ్చిందంటే కలకత్తా వాట్‌గంజ్‌లోని ఆ పాత ఇంట్లో మనుషుల కంటే కారుకే మర్యాద ఎక్కువ. కారంటే ఇప్పటి కారు కాదు, లేత ఆకుపచ్చ మోరిస్ మైనర్. సాల్మన్ రాజు పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో తుక్కుకి పోతున్నదాన్ని తెచ్చి, పెరట్లో రేకుల షెడ్డు వేసి, ఒక్కొక్క ముక్కా విప్పి, తోమి, బిగించి పాతికేళ్ళుగా బతికించుకుంటున్నాడు. దానికి బుల్లెమ్మ అని పేరు కూడా పెట్టాడు. పెళ్ళానికి కొత్త చీర ఎప్పుడు కొన్నావంటే తల గోక్కుంటాడు గానీ, బుల్లెమ్మకి ఇంజనాయిలు ఎప్పుడు మార్చాడో తేదీతో సహా చెబుతాడు.

"ఇంజను టైమింగ్ నువ్వే పెట్టేవు కదా? ఏటిరా ఇది? దగ్గుతున్నాది, తన్నుతున్నాది! ఇరవై ఎనిమిదేళ్ళొచ్చేయి, ఒక్క పని సరిగ్గా చెయ్యడం రాదు నీకు!" షెడ్డులోంచి సాల్మన్ రాజు గొంతు పెరడంతా వినబడింది.

"మీ పని మీరే చేసుకోండి నాన్నా! మీ చేతికి అందిస్తే తప్పు, అందించకపోతే తప్పు!" అది కొడుకు జెఫ్రీ. ఆ మాట వెంటే గ్లాసు గోడకి తగిలి పగిలింది. జెఫ్రీ విసవిసా ఇంట్లోకి వచ్చి, తల్లి మొహం చూడకుండా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల అతని భార్య షెకైనా ఉంది.

విజయకుమారి వంటింట్లో వంకాయలు తరుగుతోంది. గదిలోంచి కోడలి గొంతు ఏదో సర్దిచెబుతున్నట్టు వినబడింది. తర్వాత జెఫ్రీ అరుపు. తర్వాత మంచం గోడకి గుద్దుకున్న చప్పుడు, ఒక చిన్న కేక.

ఆమె చెయ్యి కుళాయి మీదకి వెళ్ళింది. రెండు నెలలుగా అదే చేస్తోంది. చప్పుడు వినబడగానే కుళాయి తిప్పుతుంది, నీళ్ళ ధారలో ఏమీ వినబడదు. తన చెవులకి తనే అలా గుడ్డలు కుక్కుకుంటోందని ఆమెకి తెలుసు. తెలిసినా మానలేదు.

పావుగంటకి జెఫ్రీ మొహం కడుక్కుని మళ్ళీ షెడ్డులోకి పోయాడు. షెకైనా వంటింట్లోకి వచ్చింది. ఎడమ చేతికి చున్నీ చుట్టుకుంది. మణికట్టు దగ్గర అప్పుడే బాగా వాచింది. ఆ పిల్లకి ఇంకా ఇరవై నాలుగు నిండలేదు.

"ఏటయిందమ్మా?"

"ఏం లేదత్తయ్యా. ఇందాక షెడ్డులోకి టీ ఇవ్వడానికి వెళ్ళేను కదా. బానెట్ చేతి మీద పడింది," అంది షెకైనా, నేల చూస్తూ.

విజయకుమారి చేతిలో వంకాయ పక్కన పెట్టింది. బుల్లెమ్మ బానెట్ ఆ షెడ్డులో లేదు. పది రోజుల కిందటే ఏక్‌బాల్‌పూర్‌లో రంగులు వేసే ఆయన దగ్గరికి వెళ్ళింది. శనివారం గానీ రాదు. పాపం, ఈ పిల్ల షెడ్డు గుమ్మంలోంచే టీ అందించి వచ్చేస్తుంది, లోపలికి తొంగి కూడా చూడదు, ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

అబద్ధం ఆడటం రానివాళ్ళు ఆడే అబద్ధం అది. విజయకుమారికి దాన్ని గుర్తుపట్టడం కష్టం కాలేదు. ఇరవై రెండేళ్ళ కిందట తనూ సరిగ్గా అదే ఆడింది.

ఆ ఏడు క్రిస్మస్‌కి ఇల్లు దులుపుతూ షెడ్డు కూడా ఊడ్చింది. నేల మీద కాగితాలు పరిచి, వాటి మీద నట్లూ బోల్టులూ చిన్నచిన్న ముక్కలూ ఉన్నాయి. ఇంజను మొత్తం విప్పి, విప్పిన వరసలోనే ఆయన పేర్చి పెట్టుకున్నాడని ఆమెకి తెలియదు. అన్నీ పోగుచేసి ఓ డబ్బాలో పోసింది. సాల్మన్ రాజు వచ్చి చూశాడు. ఇంజను స్టార్టు చెయ్యడానికి తిప్పే ఇనప హ్యాండిల్ గోడకి వేలాడుతోంది, ఆయన చేతికి అదే దొరికింది. అడ్డుపెట్టిన ఆమె కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

ఆస్పత్రిలో ఎలా విరిగిందని అడిగితే "కారు హ్యాండిల్ తిప్పుతుంటే ఎదురు తన్నిందండి" అని చెప్పింది. అప్పుడు ఇంజను షెడ్డు నేల మీద ముక్కలై ఉంది. తన్నడానికి అక్కడ ఏమీ లేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

సాల్మన్ రాజు తర్వాత ఎప్పుడూ చెయ్యెత్తలేదు, అది నిజమే. క్షమించమని కూడా అడగలేదు, అదీ నిజమే. పైగా ఆ అబద్ధానికి కాళ్ళూ చేతులూ మొలిపించాడు. ఏటా జనవరి చివరి ఆదివారం ఆరాధన అయ్యాక బుల్లెమ్మని తెలుగు చర్చి ఆవరణలోకి తీసుకెళ్ళడం వాళ్ళకో ఆనవాయితీ. పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, పిల్లలు ఎక్కి తిరుగుతారు, చివర్న సాల్మన్ రాజు హ్యాండిల్ పట్టుకుని కథ చెబుతాడు. "చూడండి, బొటనవేలు కూడా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాల. పిడికిలి బిగించేరో, చెయ్యి ఉండదు. మా విజయకి వంద సార్లు చెప్పేను, విన్నాదా? బుల్లెమ్మ తన్నీసింది!" అందరూ పగలబడి నవ్వుతారు. విజయకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వుతుంది. అలా చెప్పీ చెప్పీ ఆయన ఆ కథని తనే నమ్మేశాడేమోనని ఆమెకి ఎన్నోసార్లు అనుమానం వచ్చింది.

"బానెట్ ఏక్‌బాల్‌పూర్‌లో ఉందమ్మా," అంది విజయకుమారి మెల్లగా.

షెకైనా తల ఎత్తింది. కళ్ళ నీళ్ళు వాచిన చేతి మీద పడ్డాయి.

విజయకుమారి పొయ్యి ఆర్పేసి, కోడల్ని చెయ్యి పట్టుకుని షెడ్డులోకి నడిపించుకు వెళ్ళింది. తండ్రీ కొడుకూ ఇంజను మీద వంగి ఉన్నారు.

"జెఫ్రీ, దీని చెయ్యి నువ్వే కదా విరగ్గొట్టేవు?"

జెఫ్రీ నిటారుగా లేచాడు. "ఏటమ్మా పొద్దున్నే? అదేమన్నా చెప్పిందా? ఏయ్, ఏం చెప్పేవే?" అంటూ భార్య వైపు ఒక అడుగు వేశాడు. షెకైనా అత్తగారి వెనక్కి తప్పుకుంది. ఆ తప్పుకోవడంలోనే అంతా తెలిసిపోయింది.

సాల్మన్ రాజు కొడుకు మొహమూ, కోడలి చెయ్యీ చూశాడు. మరుక్షణం జెఫ్రీ చెంప ఛెళ్ళుమంది.

"ఆడకూతురి మీద చెయ్యెత్తుతావా? చర్చిపెద్దకి కొడుకువై ఉండి!" రెండో దెబ్బ నోటి మీద తగిలింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. జెఫ్రీ తండ్రిని రెండు చేతులా తోశాడు. ముసలాయన వెల్లకిలా బుల్లెమ్మ మీద పడ్డాడు, పానాల పెట్టె బోర్లాపడి ఇనుమంతా నేల మీద చెల్లాచెదరైంది. లేస్తూనే ఆయన చెయ్యి గోడ మీదకి పోయింది. హ్యాండిల్ ఎప్పుడూ ఉండే మేకునే ఉంది.

"ఇయ్యాల నిన్ను చంపేస్తాను! ఎక్కడ నేర్చుకున్నావురా ఈ బుద్ధి?"

"ఇక్కడే!" జెఫ్రీ గొంతు చిరిగిపోయేలా అరిచాడు. "ఈ షెడ్డులోనే! ఆ హ్యాండిలుతోనే! నేను ఆ టైర్ల వెనక ఉన్నాను నాన్నా, అమ్మని కొట్టినప్పుడు! నాకు ఆరేళ్ళు!"

పైకెత్తిన హ్యాండిల్ పైనే ఆగింది. అది దిగుతుందో లేదో ఎవరికీ తెలియదు. విజయకుమారి వెళ్ళి భర్తకీ కొడుక్కీ మధ్య నిలబడింది. అదే మనిషి, అదే చెయ్యి, అదే ఇనుము. ఈసారి ఆమె చెయ్యి అడ్డుపెట్టలేదు.

"కొట్టండి," అంది. "ఎడం చెయ్యి ఇంకా బాగానే ఉన్నాది."

సాల్మన్ రాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. హ్యాండిల్ జారి కింద పడి గణగణమంది. జెఫ్రీ గబుక్కున సుత్తి అందుకున్నాడు. "దీనివల్లే! ఈ దరిద్రప్పు కారు వల్లే అంతా!" అని బుల్లెమ్మ హెడ్‌లైటు మీద ఒక్కటి వేశాడు. అద్దం భళ్ళున పగిలింది. మళ్ళీ సుత్తి ఎత్తాడు.

"దాన్ని కొట్టకురా!" విజయకుమారి అరిచింది. ఆ గొంతు ఆమెదేనని ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేకపోయారు. "అది ఎవర్నీ కొట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా ఊరికే నింద మోస్తున్నాది. మీ నాన్న కొట్టేడు, నువ్వు కొట్టేవు. కారేటి చేసింది?"

జెఫ్రీ సుత్తి దించాడు. పెదవి మీది రక్తం తుడుచుకుంటూ, చిన్నపిల్లాడిలా వెక్కుతూ అన్నాడు. "మరి నువ్వు నవ్వేవు కదమ్మా. ప్రతి ఏడూ నవ్వేవు. దెబ్బ తగిలితే కొన్నాళ్ళకి అందరూ నవ్వుకుంటారని అనుకున్నాను."

ఆ మాట విజయకుమారి గుండెల్లో దిగబడింది. ఇనుము విరగ్గొట్టిన చోటు కంటే ఎక్కువ నొప్పెట్టింది.

"అవును, నవ్వేను," అంది. "అది నా తప్పు, దేవుడికి నేను చెప్పుకుంటాను. కానీ ఈ పిల్లని కొట్టింది నీ చెయ్యి. ఆ లెక్క నా మీదకి తోసీకు. ఇది నాలాగ నవ్వదు. నేను నవ్వనివ్వను."

భర్త వైపు చూడకుండానే కోడలితో బయటికి నడిచింది. ఆస్పత్రిలో చీటీ రాసే అమ్మాయి ఎలా తగిలిందని బెంగాలీలో అడిగింది. షెకైనా అత్తగారి మొహం చూసింది. విజయకుమారి, "భర్త కొట్టేడు. అలాగే రాయండి," అని బెంగాలీలోనే జవాబిచ్చింది. పిండికట్టు వేయించాక అటునుంచి అటే సంత్రాగాఛి వెళ్ళారు. షెకైనా తండ్రి అక్కడ రైల్వే క్వార్టర్సులో ఉంటాడు. వియ్యపురాలి ముందు తలదించుకుని జరిగిందంతా చెప్పింది విజయకుమారి. ఆవిడ తిట్టింది. తిట్టాక అన్నం పెట్టింది.

శుక్రవారం సాల్మన్ రాజు ఫోన్ చేశాడు.

"విజయా, ఇంటికి రావే. ఏటి చెయ్యమంటే అది చేస్తాను."

"ఆదివారం చర్చిలో కథ చెప్తారు కదండీ. ఈసారి నిజం చెప్పండి."

"అందరి ముందరా?"

"అందరూ నవ్వేరు కదా," అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం ఆరాధనలో ఆమె ఆడవాళ్ళ వైపు చివరి బెంచీ మీద కోడలితో కూర్చుంది. బయటికి వచ్చేసరికి బుల్లెమ్మ ఆవరణలో నిలబడి ఉంది. కొత్త రంగు వేసిన బానెట్ ఎండకి మెరుస్తోంది. హెడ్‌లైటు ఒకటి పగిలే ఉంది, మార్చలేదు. జెఫ్రీ వాచిన మూతితో దూరంగా గేటు దగ్గర నిలబడ్డాడు.

అయ్యగారి ప్రార్థన అయింది. పిల్లలు ఎక్కి దిగారు. సంఘంలో అందరికంటే పెద్దాయన సూరన్న ఎప్పటిలాగే నవ్వుతూ, "రాజూ, మరి హ్యాండిల్ కథ? కొత్త కోడలు వినలేదు కదా!" అన్నాడు.

సాల్మన్ రాజు హ్యాండిల్ చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు ప్రకారం ఎత్తి చూపించాడు. "బొటనవేలు ఇలాగ..." అన్నాడు. నవ్వడానికి అప్పుడే కొందరు సిద్ధమైపోయారు. జనంలో భార్య కోసం వెతికాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"బుల్లెమ్మ తన్నలేదు," అన్నాడు. "ఆ రోజు ఇంజను నేల మీద ఉన్నాది. దీంతో నేనే కొట్టేను. మా విజయ చెయ్యి నేనే విరగ్గొట్టేను. ఇరవై రెండేళ్ళు మీ అందరి చేతా దాన్ని చూసి నవ్వించేను. నా కొడుకు అది చూసేడు. చూసి నేర్చుకున్నాడు."

సూరన్న తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. సాల్మన్ రాజు హ్యాండిల్ బానెట్ మీద పెట్టి, భార్య ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి అందరిలో బావురుమన్నాడు. "క్షమించు విజయా. ఆ మాట కూడా ఇన్నాళ్ళూ అడగలేదు."

ఏటా సరిగ్గా ఇక్కడే విజయకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఇవాళ కూడా కొంగు పైకి లేచింది గానీ, నోటి దాకా కాదు, కళ్ళ దాకా వెళ్ళింది. ఇరవై రెండేళ్ళ ఏడుపు ఒక్కసారే వచ్చింది. షెకైనా పిండికట్టు వేసిన చేత్తోనే ఆమెని పొదివి పట్టుకుంది.

గేటు దగ్గర్నుంచి జెఫ్రీ నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు. "షెకైనా..." అన్నాడు. ఆ పిల్ల బిగుసుకుపోయింది. విజయకుమారి కళ్ళు తుడుచుకుని కొడుక్కి చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడే ఆగు. దాని చెయ్యి అతకాల. తర్వాత అదేటంటే అదే. అంతవరకూ నువ్వు క్షమాపణ అడగడానికి రా గానీ, తీసుకెళ్ళడానికి రాకు."

జెఫ్రీ తల ఊపాడు. అడుగు వెనక్కి వేసి, అక్కడే నిలబడి ఏడ్చాడు.

"మరి నువ్వు?" సాల్మన్ రాజు భయంభయంగా అడిగాడు.

విజయకుమారి సరిగ్గా తిరగని తన కుడి చెయ్యి ఆయన చేతిలో పెట్టింది. ఎముక వంకరగా అతుక్కున్న చోటు ఆయన వేళ్ళకి తగిలింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆ చోటు ముట్టుకోవడం అదే మొదటిసారి.

"మా ఇద్దర్నీ సంత్రాగాఛిలో దింపండి," అంది. "బుల్లెమ్మలోనే వెళ్దాం."