దూరవాహిని పొట్ట మీద గీత

"కూర్చో, గోరింకా," అన్నాడు చీఫ్.

ఆయన ఎవరినీ కూర్చోమనడు. నిలబెట్టే మిషన్ చెబుతాడు, నిలబెట్టే సాగనంపుతాడు. డిపార్ట్‌మెంట్‌లో గోరింక అని పిలిచే ఆ ఏజెంట్‌కి ఆ ఒక్క మాటతోనే ఏదో చెడు జరిగిందని అర్థమైంది. ఆమె కూర్చోలేదు.

"పొద్దున ఒక మనిషిని ఇంట్లోనే కాల్చేశారు. సైలెన్సర్ గన్. ప్రొఫెషనల్స్ పని. పోయినాయన టీవీ సీరియల్స్‌లో వచ్చే అంతరిక్ష నౌకలకి స్కేల్ మోడల్స్ చేస్తాడు. ప్లాస్టిక్ కిట్లు కొని, ముక్కలు అతికించి, రంగులేసి..."

"మా అన్నయ్య," అంది గోరింక.

"అవును," అన్నాడు చీఫ్, పేపర్‌వెయిట్ వైపు చూస్తూ. "వద్దంటే ఈ మిషన్ ఇంకొకరికి ఇస్తాను."

"చెప్పండి సార్."

చెప్పాడు. 'పాదరసం' అనే విదేశీ ముఠా నగరంలోని ఏదో ఒక భూగర్భ రైలు స్టేషన్‌లో టైమ్‌బాంబు పెట్టింది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి పేలుతుంది. పెట్టినవాడు దేశం దాటేశాడు. ముఠా మనుషులు ఆ పూట అటు పోకుండా ఉండాలి కాబట్టి, ఏ స్టేషనో తెలిపే గుర్తుల్ని వాడు ఒక మోడల్ కిట్ మీద చెక్కాడు. డబ్బాలో పెట్టి, సీలు వేసి, బొమ్మల షాపులో ఉంచి పోయాడు. షాపువాడు చూసుకోకుండా ఆ డబ్బాని గోరింక అన్నకి అమ్మేశాడు.

"స్టేషన్లన్నీ ఖాళీ చేయిస్తే?"

"వాళ్ల దగ్గర రిమోట్ కూడా ఉంది. జనాన్ని కదిలిస్తే నొక్కేస్తారు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఒకావిడ ఉంది. కోడ్ ఎలా చదవాలో ఆవిడకి తెలుసు. మీ అన్నయ్య ఇంటికే వస్తుంది. నువ్వు గ్యాస్ కంపెనీ మనిషివి."

అలా, అన్న పోయిన ఇంటికి చెల్లెలు గ్యాస్ మీటరు చూసే వేషంలో వెళ్లింది. కాలరు బొత్తాంలో మైక్, చెవిలో రిసీవర్, భుజాన టూల్‌బ్యాగు. శవాన్ని అప్పటికే తీసుకెళ్లారు. మెట్ల మీద పక్కింటావిడ కళ్లు తుడుచుకుంటూ ఆమెని ఆపింది.

"పాపం, ఆయనకో చెల్లెలుందటమ్మా. ఇన్సూరెన్స్‌లో ఉద్యోగం. ఇంతవరకూ రాలేదు చూడు. ఎంత పనుంటే మాత్రం, తోడబుట్టినవాడు కదా!"

"అవునండీ," అంది గోరింక. టూల్‌బ్యాగు సర్దుకుని మెట్లెక్కింది.

గదిలో ఏదీ చెదిరిపోలేదు. పనిబల్ల మీద దీపం ఇంకా వెలుగుతోంది. పట్టకార్లు, గరుకు కాగితం, చిన్న చిన్న రంగు సీసాలు. గోడ నిండా ఒకే నౌక ఫొటోలు. అల్మరాలో ఆ నౌకకే మోడల్స్ వరసగా ఉన్నాయి. దాని పేరు దూరవాహిని. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్లు ఒకే దుప్పటి కప్పుకుని చూసిన సీరియల్‌లోది. అలాంటి నౌక లోకంలో ఎక్కడా లేదు. షూటింగ్ కోసం స్టూడియోవాళ్లు చేసిన మంచమంత నమూనా ఒక్కటే ఉండేది. కిట్ కంపెనీ దాన్ని సరిగ్గా కొలవలేదని అన్నయ్య బాధ. లేని ఓడకి కిటికీ ఎక్కడుంటే ఏంటన్నయ్యా అని ఒకసారి నవ్వినందుకు, ఆయన ఆ పూటంతా ఆమెతో మాట్లాడలేదు.

వెనక సెంటు వాసన వేసింది. గుమ్మంలో నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, ఎత్తు మడమల చెప్పులతో ఒకావిడ నిలబడి ఉంది. సినిమా పోస్టరులోంచి దిగి వచ్చినట్టుంది.

"ఈ పైపు ఎప్పటిది?" అడిగింది గోరింక.

"నా రెండో పెళ్లి నాటిది. అది నిలిచింది, పెళ్లి నిలవలేదు."

పాస్‌వర్డ్ సరిపోయింది. ఆవిడ పైకి మోడల్ పోటీల జడ్జి, లోపల పాదరసం ముఠా మనిషి, ఇంకా లోపల డిపార్ట్‌మెంట్ మనిషి.

"కోడ్ సింపుల్," అంది జడ్జి. "అసలు నౌక మీద లేని గీత కిట్ పొట్ట మీద ఉంటుంది. ఆ గీతే రైలు లైను. దాని మీద అడ్డగాట్లు స్టేషన్లు. గుండ్రటి గాటు ఎక్కడుంటే బాంబు అక్కడ. కానీ పొద్దున వాళ్లు ఈ మోడల్స్ అన్నీ లెన్స్ పెట్టి చూశారు. ఒక్క తప్పూ లేదు. ఆ కిట్‌ని ఇంకెక్కడో దాచాడనుకుని వెళ్లిపోయారు."

"అన్నయ్య తప్పుని దాచడు," అంది గోరింక. "దిద్దేస్తాడు."

వరసలోని ఒక్కొక్క మోడల్‌నీ తీసి వాసన చూసింది. చివరిదానికి రంగు వాసన ఇంకా పోలేదు. ముఠా కష్టపడి చెక్కిన గీతలన్నిటినీ ఆ పిచ్చిమనిషి కంపెనీ తప్పులనుకుని, ఎర్ర పుట్టీతో పూడ్చి, సానపట్టి, రంగు వేసి, అసలు నౌకలా మార్చేశాడు.

జడ్జి లిప్‌స్టిక్ గొట్టంలోంచి లెన్స్ తీసి చూసింది. నౌకని అటూ ఇటూ తిప్పి మళ్లీ చూసింది.

"ఇంత సరైన దూరవాహినిని నేనెక్కడా చూడలేదు," అంది చివరికి. "నిన్న నాకు ఫోన్ చేశాడు. కిట్‌లో ఘోరమైన తప్పులున్నాయి మేడమ్, పొట్ట మీద లేని గీత పెట్టారు, కంపెనీకి చెప్పండి అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. నా పక్కనే ముఠా మనిషి కూర్చుని ఉన్నాడు."

"మీరు ఆపలేదా?"

"ఆపితే నేను బయటపడేదాన్ని. తర్వాత వార్నింగ్ ఇద్దామనుకున్నాను. వాళ్లు నన్ను ఒంటరిగా వదల్లేదు."

గోరింక చెయ్యి టూల్‌బ్యాగులోని పిస్టల్ మీదికి పోయింది. ఆ క్షణాన ఆమెకి నిజంగానే కాల్చాలనిపించింది. జడ్జి కదల్లేదు. కళ్లద్దాలు తీసేసింది. ఏడ్చి ఏడ్చి కాటుక కారిపోయింది.

"మీరు గూఢచారి అని ఆయనకి తెలుసు," అంది మెల్లగా. "ఇన్సూరెన్స్‌వాళ్లు పాలసీ తీసుకోమని పీక్కు తింటారు మేడమ్, మా చెల్లెలు ఒక్కసారి కూడా అడగలేదు, అదేదో పెద్ద పనిలోనే ఉంది అనేవాడు. గర్వంగా చెప్పేవాడు."

గోరింక పిస్టల్ వదిలేసింది. చెవిలో చీఫ్ గొంతు వినబడింది. "ఆఫీసులు వదిలే వేళయింది. ల్యాబ్‌కి పంపే టైమ్ లేదు. ఏదో ఒకటి చెయ్యి."

చెయ్యాల్సింది ఒక్కటే. బల్ల మీద రంగు కరిగించే థిన్నర్ సీసా ఉంది, దూది ఉంది. నౌకని ఒళ్లో పెట్టుకుంది. లెన్స్ కింద చూస్తే ఒక్కొక్క రేకుకీ ఒక్కో బూడిద రంగు, తేడా తెలిసీ తెలియనట్టుగా వేసి ఉంది. ఆయన చేతి ఆఖరి పని అది. లోకంలో దాని విలువ తెలిసి చూసినవాళ్లు ఇద్దరే.

"సారీ అన్నయ్యా," అని పైకే అంది. తడి దూదితో తుడిచింది.

బూడిద రంగు కరిగి వేళ్ల మధ్య కారింది. కింద తెల్ల ప్లాస్టిక్ బయటపడింది. దాని మీద పుట్టీ నింపిన చోటల్లా ఎర్రగా ఒక గీత, దాని వెంట అడ్డగాట్లు. కళ్లలో నీళ్లు నిండి గాట్లు అలుక్కుపోయాయి. జడ్జి లెన్స్ పట్టుకుంది, గోరింక ముక్కు ఎగబీల్చుకుంటూ కొస నుంచి లెక్కపెట్టింది. ఎర్రటి గుండ్రం కనబడగానే మైక్‌లో స్టేషన్ పేరు చెప్పింది.

నౌకని పట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద వీధిలో జనం ఇళ్లకి బయల్దేరారు. ఎవరో స్కూటరు స్టార్టు కాక తిట్టుకుంటున్నారు.

"దొరికింది," అన్నాడు చీఫ్, చాలాసేపటికి. "సఫాయివాళ్ల వేషంలో వెళ్లి తీసేశారు. టైమర్‌లో ఆఖరి అంకె నడుస్తోందట. నువ్విక ఏడవచ్చు."

ఆమె నౌకని బల్ల మీద దించి, రంగు అంటిన చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది.

ఆ వారమే ముఠా మొత్తం పట్టుబడింది. కేసు మూసేశాక గోరింక సాక్ష్యాల స్టోర్‌కి వెళ్లి దూరవాహినిని ఇమ్మని అడిగింది. క్లర్కు తలెత్తకుండానే చీటీ చదివాడు. "విరిగిన బొమ్మ విమానం, ఒకటి."

"విమానం కాదండీ, అంతరిక్ష నౌక. విరగలేదు, రంగు పోయింది. సరిగ్గా రాయండి."

క్లర్కు విసుక్కుంటూ కొట్టేసి మళ్లీ రాశాడు. "సొంత మనుషులకే ఇవ్వాలి. పోయినాయన మీకేమవుతారు?"

"మా అన్నయ్య."

ఉద్యోగంలో చేరాక ఆ మాట ఆమె బయటివాళ్లతో అనడం అదే మొదటిసారి.

"ప్రూఫ్ ఏదైనా ఉందా?" అన్నాడు క్లర్కు.

దొంగ పాస్‌పోర్టులతో ఎన్నో సరిహద్దులు నవ్వుతూ దాటిన ఏజెంట్ గోరింక హ్యాండ్‌బ్యాగంతా వెతికింది. తను తన అన్నకి చెల్లెలినని చెప్పే కాగితం అందులో ఒక్కటీ లేదు.