మునెయ్య జానెడు పుల్ల

ఆత్మకూరు బస్టాండులో బొరుగులమ్మే శీనయ్య పొట్లం చుడుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"ఏ.ఎస్.పేట బస్సు ఎన్నింటికి సామీ?"

"గంధం ఆరినాక," అన్నాడు ఏజెంట్ పదిహేడు.

కోడ్ సరిపోయింది. పొట్లం చేతులు మారింది. బొరుగుల అడుగున శనగగింజంత ఇయర్‌ఫోన్. వెనకోసారి తొందరలో నిజం శనగగింజనే చెవిలో పెట్టుకుని, హెడ్‌క్వార్టర్స్ తనతో మాట్లాడ్డం మానేసిందని రెండు రోజులు బెంగపడ్డాడు. ఆ సంగతి సర్వీస్ రికార్డులోకి ఎక్కలేదు.

చీఫ్ గొంతు పలికింది. "ఉదయగిరి చెక్క చెంచాల సంఘం. వాళ్ళ కంప్యూటర్‌లో నాలుగు వందల డిజైన్లున్నాయి. ఇవాళ వాటిని క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నారు. ఎక్కించే మనిషి పేరు మధులత. విదేశీ ముఠాది. డిజైన్లు వాళ్ళ మిషన్లకు చేరాయంటే ఆరు నెలల్లో ఉదయగిరిలో ఉలి పట్టేవాడుండడు."

"ఆపమంటారా?"

"ముఠాను ఆపు. క్లౌడ్ సంగతి వేరు. అది సంఘానికి లాభమో నష్టమో నువ్వే తేల్చి రిపోర్టివ్వు. ఈసారైనా నిజాయితీగా. ఓవర్."

ఆత్మకూరులో ఏజెంట్ పదిహేడు పేరు పెంచలప్రసాద్. వృత్తి కంప్యూటర్ రిపేరు. ఆరేళ్ళుగా అద్దెగది, ఒక కంచం, ఒక గ్లాసు. ప్రతి బుధవారం ఉదయగిరి వెళ్ళి సంఘం కంప్యూటర్లో పేరుకున్న చెక్కపొట్టు ఊదేసి వచ్చేవాడు. సంఘం నడిపే మాలకొండమ్మ టీ ఇచ్చి, "తిన్నావా నాయనా?" అని అడిగేది. వారం మొత్తంలో అతన్ని ఎవరైనా ఏమైనా అడిగేది ఆ ఒక్కటే. కంప్యూటర్ క్లౌడ్‌కి పోతే ఊదడానికి పొట్టుండదు. పొట్టు లేకపోతే బుధవారం లేదు.

బస్సులో లెక్క మొదలుపెట్టాడు. పాత కంప్యూటర్ ముసలిదైంది. చచ్చిందంటే నాలుగు వందల డిజైన్లూ దాంతోనే పోతాయి. క్లౌడ్‌లో అయితే మూడు చోట్ల కాపీలు. రిపేరు బాధ లేదు. మాలకొండమ్మ ఫోన్లోనే అన్నీ చూసుకోవచ్చు. మరి నష్టం? నెలనెలా అద్దె, ఆగకుండా. సిగ్నల్ పోతే పని నిలిచిపోతుంది. రేపు వద్దనుకుంటే సరుకు తిరిగిస్తారో లేదో. అన్నిటికీ మించి, తాళం ఎవరి చేతిలో ఉంటుందన్నది. ఎన్నిసార్లు చూసినా లాభం వైపే మొగ్గుతోంది. గొర్రెల మంద అడ్డమొచ్చి బస్సాగితే, మళ్ళీ మొదటినుంచి వేశాడు. అప్పుడూ అంతే.

ఉదయగిరి కొండకింద సంఘం గదిలో నల్లకళ్ళద్దాల మధులత ల్యాప్‌టాప్ ముందు కూర్చునుంది. ఆమె సెంటు ముందు, చెంచాలు చెక్కే నర్ది కర్ర వాసన కూడా ఓడిపోయింది. తెరమీద అంకె: డెబ్బై ఒక్క శాతం.

"రా నాయనా," అంది మాలకొండమ్మ. "ఈ యమ్మ అంతా ఎక్కిస్తా ఉండాది. ఇంక నీకు ఈ పొట్టు ఊదే బాధ తప్పె."

"అవునమ్మా," అన్నాడు.

తొంభై. తొంభై ఎనిమిది. అతని చెయ్యి ప్లగ్గు మీదికి పాకింది. పీకేలోగా నూరు పడింది. మధులత ఒక ఫైలు తెరిచి, కళ్ళద్దాలు పైకెత్తింది.

"పిడి, మునెయ్య జానెడు. మెడ, మునెయ్య జానెడులో ఎనిమిదో వంతు. ఏంటివి? సెంటీమీటర్లేవీ?"

"మా కొలతలంతే," అంది మాలకొండమ్మ. "మునెయ్యంటే నా మొగుడు. పోయి నాలుగేండ్లాయ. ఆయన జానెడుకు కోసిన పుల్ల నాకాడ ఉండాది. ఇది లేకుంటే ఆ ఫైళ్ళు ఎవురికీ కొరగావు." నడుముకు దోపుకున్న నున్నటి పుల్లను తీసి చూపించింది.

మధులత లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పిస్టల్ గొట్టం. "పుల్ల ఇటివ్వండి."

బల్లమీదున్న ఆమె ఫోన్లో ముఠా బాసు గొంతు. "పొడవు చెప్పు. పది సెకండ్లలో లైన్ కట్."

మధులత ఎడం చేత్తో పుల్లను బల్లమీది స్కేలు పక్కన పెట్టింది. ఐదు. నాలుగు. పిస్టల్ గురి తనవైపే ఉండడంతో ఏజెంట్ ఉన్నచోటే నిలబడ్డాడు. ఇరవై రెండు సెంటీమీటర్లు, స్పష్టంగా కనిపిస్తోంది. మూడు. రెండు.

"నలభై ఒకటి," అంది మధులత.

"రిసీవ్డ్." లైన్ తెగింది.

ఆమె పిస్టల్‌కు మూత బిగించి, పుల్లను రెండు చేతులతో మాలకొండమ్మకు తిరిగిచ్చింది. తర్వాత ఏజెంట్ వైపు తిరిగి మెల్లగా అంది. "గంధం ఆరింది."

"నువ్వు మనదానివా?"

"మూడేళ్ళుగా. నీకూ చెప్పలేదా? నాకెవరూ ఏమీ చెప్పరులే, నీ ఫైలు నేనే తీసి చదువుకున్నా."

"ఆ తుపాకి సంచీలో ఏసుకోమ్మా, ముందు," అంది మాలకొండమ్మ. "ఇద్దరికీ టీ పెడతా. తిన్నారో లేదో ఏందో."

ఆమె లోపలికెళ్ళగానే మధులత అడిగింది. "ఆరేళ్ళలో ప్రతి రిపోర్టులోనూ 'పాత కంప్యూటరే మేలు' అని రాశావు. దేశం కోసమా, టీ కోసమా?"

ఏజెంట్ వంగి, తాను పీకబోయిన ప్లగ్గును మళ్ళీ గట్టిగా నొక్కిపెట్టాడు. ఆమె టీ తాగి, కారెక్కి పోయింది. మళ్ళీ ఎక్కడా కనపడలేదు.

ఆ సాయంత్రమే రిపోర్టు వెళ్ళింది. "నమ్మకమైన క్లౌడ్ చూసి మార్చడమే లాభం. అద్దె భరించవచ్చు. పుల్ల మాత్రం ఇంట్లోనే ఉండాలి. పదిహేడు." రాయడానికి నాలుగు గంటలు పట్టింది. క్లౌడే మేలన్న మాట మాలకొండమ్మకూ ఫోన్లో చెప్పాడు.

అవతల దేశంలో ముఠా మిషన్లు లక్ష గరిటెలు కోసి పడేశాయి. ఒక్కోటీ తెడ్డంత. అక్కడి జాలర్లు వాటితోనే పడవలు నడుపుతున్నారని వినికిడి.

బుధవారం వచ్చింది. మాలకొండమ్మ ఫోన్ చేసింది.

"పాత కంప్యూటరు తీసేసినాం నాయనా. అంతా ఫోన్లోనే కనపడతా ఉండాది. నువ్వు చెప్పిందే నిజం."

"మంచిదమ్మా."

"ఇట్టా రావా అయితే?"

"పనేమీ లేదు గదమ్మా."

"పనుంటేనే వస్తారా, ఏంది?"

ఆత్మకూరు బస్టాండులో ఏజెంట్ పదిహేడు కళ్ళముందే మూడు ఉదయగిరి బస్సులు వెళ్ళిపోయాయి. పదకొండు దేశాల సరిహద్దుల్లో పదకొండు అబద్ధాలు తడుముకోకుండా చెప్పిన మనిషికి, ఊరికే టీ తాగడానికి వచ్చానని చెప్పే నిజం మాత్రం నోటికి రాలేదు.