నానమ్మ దిగే వేళ

“నానమ్మ పదింటికి ఎక్కుతుంది. రెండు గంటల ప్రయాణం. కానీ తల్లీ, మీ దగ్గర...”

“పదీ రెండూ పన్నెండు! నాకు ఆ మాత్రం లెక్క రాదా పెదనాన్నా?” అని రస్మిని టక్కున ఫోన్ పెట్టేసింది.

బాలిలో ఉండే పెదనాన్న మాట మొదలుపెట్టాడంటే ఓ పట్టాన వదలడు. తన కోడిపుంజుకు జలుబు చేసిన సంగతి కూడా చెప్పాకే ఫోన్ పెడతాడు. అంతసేపు వినే ఓపిక మన రస్మినికి ఎక్కడిది?

“నాన్నా! నానమ్మ పన్నెండుకి దిగుతుందట!”

“అయితే పదకొండుకి బయల్దేరదాం” అన్నాడు నాన్న కారు తుడుస్తూ.

నానమ్మ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ఆవిడకు బాలి భాష తప్ప మరో ముక్క రాదు, చేతిలో ఫోనూ లేదు. బాలికీ వీళ్లుండే జకార్తాకీ మధ్య దాదాపు వెయ్యి కిలోమీటర్లు.

విమానాశ్రయంలో బోర్డు చూడగానే నాన్న ముఖం పాలిపోయింది.

“పదకొండుకే దిగిందే! పన్నెండని పెదనాన్న చెప్పాడా?”

రస్మినికి అప్పుడు గుర్తొచ్చింది. జకార్తా గడియారం బాలి గడియారం కంటే గంట వెనక నడుస్తుంది. అది బళ్లో చదువుకున్న సంగతే. పెదనాన్న ‘కానీ’ అన్నది దీని గురించే!

ఇద్దరూ పరుగు తీశారు. నానమ్మ ఒక స్తంభం పక్కన, పళ్ల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి.

“మంచినీళ్లయినా తాగలేదా అమ్మా?”

“నేను అటు వెళ్లగానే మీరు వచ్చి, నన్ను చూడక తిరిగి వెళ్లిపోతేనో?” అంది నానమ్మ. రస్మినిని దగ్గరికి తీసుకుంది. “ఈ ఊళ్లో దారంతా బళ్లేనటగా. ఇరుక్కుపోయారనుకున్నాలే.”

నాన్న పళ్ల బుట్ట అందుకున్నాడు. రస్మిని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ ఎండిన పెదవులను చూస్తే ఏడుపొచ్చేసింది.

“దారి ఖాళీగానే ఉంది నానమ్మా. తప్పు నాది. పెదనాన్న చెబుతుంటే మధ్యలోనే ఫోన్ పెట్టేశాను.”

నానమ్మ ఆ పిల్ల కళ్లు తుడిచింది.

“వీడి కూతురివే! మీ నాన్నా అంతే, వాళ్లన్నయ్య మాట సగమే విని పరుగెత్తేవాడు” అని కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. నాన్న నవ్వి, మంచినీళ్ల కోసం పరుగెత్తాడు.

కారు బయల్దేరిందో లేదో పెదనాన్న ఫోన్ చేశాడు. నాన్న నడుపుతున్నాడు కాబట్టి రస్మినే ఎత్తింది.

“చేరిందా? హమ్మయ్య. ఇదిగో, నానమ్మ బీపీ మాత్ర రోజూ సాయంత్రం ఏడింటికి వేసుకుంటుంది. మర్చిపోకు. పుంజుకి కాస్త నయం. పొద్దున్న నూకలు కూడా తింది. వానేమో...”

పెదనాన్న వాన గురించి చెప్పాడు. పక్కింటి వాళ్ల గోడ గురించి చెప్పాడు. రస్మిని ఊఁ కొడుతూనే ఉంది.

“ఏమే, లైన్లోనే ఉన్నావా?” అన్నాడాయన అనుమానంగా.

“ఉన్నాను పెదనాన్నా. ఆ మాత్ర మీ ఏడింటికా, మా ఏడింటికా?”

“ఆఁ, అది చెప్పడం మర్చిపోయా! ఏంటంటే...”

రస్మిని ఫోన్‌ని చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది.