రిపోర్టు ప్రకారం చచ్చినవాడు

దీవిలోని హోప్ టౌన్‌లో మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ ముందు నుంచి పొద్దుగూకాక ఎవరూ నడవరు. జోగులు దెయ్యమై అక్కడ తిరుగుతున్నాడట.

ఊరికే పుట్టిన పుకారు కాదు, దానికి కాగితం కూడా ఉంది! పడవలో చేపల వేటకెళ్లిన జోగులు తిరిగి రాలేదు. మూడు నెలలకు ఆ ఫ్యాక్టరీ వెనక ఒడ్డున ఎముకలు దొరికాయి. పోలీసులు డీఎన్ఏ పరీక్ష అన్నారు. తల్లి తవిటమ్మ చెయ్యి చాపితే తండ్రి పోలిరాజు మీసం దువ్వి అడ్డొచ్చాడు.

"మగోణ్ణి నానుండగా దానికెందుకు బాబూ సూది?"

మెయిన్‌ల్యాండ్ నుంచి రిపోర్టు వచ్చింది... ఎముకలు పోలిరాజు కొడుకువే. పోలిరాజు గుండు కొట్టించుకుని దినం చేశాడు. స్టాంపు పడ్డ దెయ్యాన్ని కాదనే దమ్ము ఎవరికుంది?

రెండేళ్ల తర్వాత ఓ రాత్రి, పోలిరాజు ఆఖరి ఫెర్రీ దిగి ఒక్కడే వస్తున్నాడు. జేబులో బీడీలున్నాయి... అగ్గిపెట్టె తడిసిపోయింది.

ఫ్యాక్టరీ గోడ పక్కన — దగ్గు.

నడక పెంచాడు. వెనక ఇంకో నడక కూడా పెరిగింది.

"అయ్యా..."

జోగులు గొంతే! పోలిరాజు వెనక్కి తిరక్కుండానే దండం పెట్టాడు.

"ఎలిపోరా నాయనా... నీకు పిండం కూడా ఎట్టీసేను..."

"ఎవలికి ఎట్టేవు? ఇంజను పాడై బర్మా కొట్టుకుపోనాను. ఇన్నాళ్లూ జైల్లోనే ఉన్నాను. సందేళ జెట్టీలో దిగితే నన్ను చూసి అందరూ పారిపోనారు. అమ్మ గుండాగిపోద్దని నీకోసం ఇక్కడే కూకున్నాను."

పోలిరాజు వెనక్కి తిరిగి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. వాణ్ణి కావలించుకుని బావురుమన్నాడు.

ఇంట్లో తవిటమ్మ ఏడుస్తూ, నవ్వుతూ కొడుక్కి అన్నం పెడుతుంటే, కబురు తెలిసి కానిస్టేబుల్ గవరయ్య ఫైలుతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"భయ్యా, రిపోర్టు గలత్ కాదు. నువ్వే ఎక్కడో పొరపాటు పడ్డావు."

"అందులో జోగులని రాసుందా?" అంది తవిటమ్మ.

గవరయ్య ఫైలు తిప్పాడు. "లేదు దీదీ. పోలిరాజు కొడుకని మాత్రం ఉంది."

పోలిరాజు మీసం మీదున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"నా రగతం తియ్యనేదు కదా..." తవిటమ్మ గొంతు తగ్గించింది. "బ్రూక్షాబాద్ యర్రమ్మ కొడుకు కనపడి ఎన్నాళ్లయింది?"

పోలిరాజు తలుపు వైపు చూశాడు. అయ్యా అని పిలిచినందుకు ఆ కుర్రాణ్ణి తను తరిమికొట్టింది ఆ ఫ్యాక్టరీ గోడ దగ్గరే.

బయట, చీకట్లో... మళ్లీ దగ్గు.

జోగులు నోటి దాకా వచ్చిన ముద్ద ఆపాడు.

"ఇందాక గోడ కాడ దగ్గింది నువ్వనుకున్నానయ్యా..."