ఫ్లెక్సీకి తెల్లవైపు

ఉదయగిరి బజారులో రాఘవకు విత్తనాల కొట్టు ఉంది. కొట్లో కూర్చున్నంతసేపూ మహా బుద్ధిమంతుడు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయిందంటే మాత్రం మనిషికి కాలు నిలిచేది కాదు. ఎయిర్ గన్ భుజాన వేసుకుని సీతారామపురం రోడ్డులో ఉన్న పాత క్వారీకి పోవాల్సిందే. చుట్టాలొచ్చినా, వానొచ్చినా, భార్య రాధిక అలిగినా ఆ పోక ఆగేది కాదు. పోనీ పిట్టలు కొడతాడా, కుందేళ్లు కొడతాడా అంటే అదీ లేదు. అట్టకార్డు మీద నల్లచుక్క పెట్టుకుని దాన్ని కొట్టడమే ఆయనగారి వేడుక. "ఆ చుక్క నీకేం ద్రోహం చేసినాదయ్యా?" అని రాధిక ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు.

అలాంటి మనిషి ఈమధ్య గన్‌ను బీరువా మీదికి ఎక్కించేశాడు. ఆదివారం కూడా కొట్టు తెరిచి కూర్చుంటున్నాడు. ఎందుకని అడిగితే నడుం నొప్పి అంటాడు. ఎరువు బస్తాలు మాత్రం తనే దించుకుంటాడు.

నమ్మేదెవరు? ఇన్నాళ్లూ క్వారీకని చెప్పి ఇంకెక్కడికో పోయేవాడేమో, అక్కడేదో బెడిసికొట్టి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడేమో అని రాధిక అనుమానం. కూతురు అశ్విత అనుమానం వేరు. ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల కాలేజీలో షూటింగ్ పోటీకి పేరిచ్చి వచ్చింది. క్వారీకి తీసుకుపోయి నేర్పిస్తానని మాటిచ్చింది రాఘవే. ఆ మాట తప్పించుకోవడానికే ఈ నడుం నొప్పి నాటకమని ఆ పిల్ల తిండి దగ్గర కూడా మూతి ముడుచుకుని కూర్చుంటోంది.

రాఘవకూ ఒక అనుమానం ఉంది. దాన్ని ఇంట్లో చెప్పుకునే ధైర్యం అతనికి లేదు.

అదంతా మాధవ్ తెచ్చిన ఫ్లెక్సీతో మొదలైంది. మాధవ్, రాఘవ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. మాధవ్‌కు ఆత్మకూరులో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు ఉంది. ఆదివారం ఆదివారం బైకు మీద వచ్చి రాఘవతో కలిసి గన్ కాల్చి పోయేవాడు. అట్టకార్డులు గాలికి నిలవడం లేదని, వెనక దన్నుగా కట్టడానికి ఒకరోజు షాపులో పడివున్న శ్రద్ధాంజలి ఫ్లెక్సీ తెచ్చాడు. ఎవరో ఫోటో ఇచ్చి ప్రింటు వేయించుకుని, తీసుకుపోవడానికి మళ్లీ రాలేదట. పొడుగు ఎక్కువైందని పేరూ తేదీలూ ఉన్న కింది భాగం కత్తిరించి పారేశారు. మిగిలింది ముఖం. నడివయసు మనిషి. దట్టమైన మీసం, నుదుట కుంకుమబొట్టు, ఎటు జరిగినా మనల్నే చూస్తున్నట్టున్న కళ్లు.

"ఈయన మనల్ని చూస్తా ఉంటే గురి కుదరదు గానీ, తిప్పి కట్టరా," అన్నాడు మాధవ్.

ముఖం క్వారీ బండవైపు, తెల్లవైపు తమవైపు ఉండేలా రెండు సరుగుడు కర్రలకు బిగించి కట్టారు. తెల్లవైపు నడిమధ్యలో కార్డు అంటించారు. కార్డుకు సరిగ్గా వెనక ఆ ముఖం ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. తట్టినా నవ్వుకుని ఊరుకునేవాళ్లే. ఫ్లెక్సీ గుడ్డ దొరికితే ఎవరు వదులుకుంటారు? ఆ చుట్టుపక్కల సగం గడ్డివాములు, మేకల కొట్టాలు ఎవరెవరి ముఖాల కిందో తడవకుండా ఉన్నాయి.

పెల్లెట్ అనే సీసపు గుండు దూసుకుపోయినప్పుడు అవతలివైపు అంచులు చిరిగి పైకి లేస్తాయి. గన్ పట్టినవాడికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక ఆదివారం కార్డు ఊడదీస్తుంటే ఒక చిల్లు రాఘవ వేలికి గరుకుగా తగిలింది. అంచులు తనవైపు లేచి ఉన్నాయి. అంటే అది తను కాల్చింది కాదు. అవతలినుంచి ఇవతలికి వచ్చింది.

అవతల ఉన్నది నిలువెత్తు బండ.

"రాయికి తగిలి వెనక్కి ఎగిరొచ్చుంటాదిలే," అన్నాడు మాధవ్.

ఒప్పుకోదగ్గ మాటే. మరుసటి వారం ఖాళీ బస్తాల్లో ఇసుక నింపి ఫ్లెక్సీ వెనక గోడలాగా పేర్చారు. ఇసుకలో దిగిన పెల్లెట్ తిరిగి రాదు. ఆ సాయంత్రం కూడా కార్డు మీద అలాంటి చిల్లే కనిపించింది.

తర్వాత మేకలు కాసే శీనయ్య దారిలో అడ్డం వచ్చాడు. పెద్దాయన మంచి కోపంగా ఉన్నాడు.

"ఏం నాయనా, మీ ఆట మీరు ఆడుకోండి, నేనొద్దన్లా. ఆ రెండోవోణ్ణి మాత్రం మానుకోమను. నా మేకలకు తగిలితే ఎవుడిది పూచీ?"

"రెండోవోడెవురు? మాధవ్ నా పక్కనే గదా కూర్చుంటాడు."

"ఆయన గాదు. నువ్వొకటి కాల్చంగానే బండ కాడినించి ఇంకోటి కాలస్తాడే, వాడు. మనిషి నాకు కనబళ్లా. చప్పుడైతే యినబడతా ఉండాది."

రాఘవకు ఒళ్లు మండిపోయింది. ఇదంతా మాధవ్ పనే. ఎవడినో బండ సందులో కూర్చోబెట్టి తనను వెర్రివాణ్ణి చేస్తున్నాడు. ఆ ఆదివారమే నిలదీశాడు.

"ఎవుణ్ణి పెట్టించినావురా ఆడ?"

"ఏందిరా? నీకేమన్నా తిక్క పట్టినాదా?"

మాటా మాటా పెరిగింది. మాధవ్ గన్ సంచిలో వేసుకుని, బైకెక్కి, వెనక్కి చూడకుండా పోయాడు. ఆ తర్వాత క్వారీకి రాలేదు.

మాధవ్ రాకపోతే ఆ చిల్లులు కూడా ఆగిపోవాలి కదా. ఆగలేదు. పైగా ఇంకొకటి కనబడింది. రాఘవ కూర్చునే చోటికి వెనక ఒక గుండ్రాయి ఉంది. దాని మీద ఒక మూలగా సీసం అంటిన చిన్న మచ్చ. మరుసటి వారం ఇంకో మచ్చ, దానికి కొంచెం ఇవతలగా. ఆ పైవారం ఇంకా ఇవతల. కొత్త గన్ కొన్నవాడు గురి ఎలా సరిచేసుకుంటాడో రాఘవకు బాగా తెలుసు. ఎడమకన్ను మూసి ఒకటి కాల్చి, ఎంత పక్కకు పోయిందో చూసుకుంటాడు. గురి కాస్త జరుపుకుని మళ్లీ కాలుస్తాడు. తొందరపడడు. రాయి మీద మచ్చలు సరిగ్గా అదే దారిలో నడిచి వస్తున్నాయి. ఆ దారి పోయి పోయి రాఘవ తల ఉండేచోట ఆగేటట్టుంది.

అది అర్థమైన రోజే వేడుక చచ్చిపోయింది. గన్ బీరువా మీదికి ఎక్కించింది అందుకే.

శనివారం సాయంత్రం అశ్విత చెప్పులేసుకుంటూ చల్లగా ఒక మాట చెప్పింది.

"నువ్వు తీసకపోకపోతే పో నాన్నా. మాధవ్ అంకుల్‌కి ఫోన్ చేసినా. రేపు క్వారీ కాడికి వస్తానన్నాడు. ఆయనే నేర్పిస్తాడంట."

ఆ గుండ్రాయి ముందర రేపు కూర్చునేది తన బిడ్డ. మాధవ్ మనిషెవడైనా అక్కడ దాక్కుని ఉంటే ఈరోజే పట్టుకోవాలి. ఎవడూ లేకపోతే... ఆ మాట లోపలే మింగేశాడు. రాఘవ గన్ దించి బండెక్కాడు.

క్వారీ చేరేసరికి దుర్గం కొండ వెనక పొద్దు వాలిపోయింది. గుంటలో నిలిచిన నీళ్లు కుళ్లు వాసన కొడుతున్నాయి. మేకలు లేవు. గాలి లేదు. బండల సందుల్లో ఎక్కడో నీటిబొట్టు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. రాఘవ సెల్‌ఫోన్ లైటు వేసి ఇసుక బస్తాల వెనక వెతికాడు. బస్తాలకూ బండకూ మధ్య పిల్లి దూరే సందు కూడా లేదు.

తన చోటుకు వచ్చి కూర్చున్నాడు. నీళ్ల సీసా పక్కన పెట్టుకున్నాడు. ఒక్కటి కాల్చి చూస్తే తేలిపోతుంది. శీనయ్య చెప్పింది అబద్ధమో నిజమో. గన్ గొట్టం నడిమికి విరిచి, పెల్లెట్ పెట్టి, మూశాడు. చీకట్లో తెల్లటి ఫ్లెక్సీ ఒక్కటే కనిపిస్తోంది.

కాల్చాడు.

టప్.

నిశ్శబ్దం. కొండ మారుపలకలేదు. రాఘవ ఊపిరి వదిలాడు...

టప్.

పక్కనున్న సీసా దొర్లిపోయింది. నీళ్లు గలగలమని అతని తొడ కింద పారాయి. చల్లగా.

కదలలేదు. కదిలితే కనబడిపోతానేమో అనిపించింది. ఫ్లెక్సీ వైపునుంచి ఇంకో చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు అతనికి నిద్రలో కూడా తెలుసు. గన్ విరిచిన చప్పుడు. రాఘవ గన్ ఒళ్లో ఉంది. దాన్ని ఎవరూ విరవలేదు.

"మాధవ్..." గుసగుసలాడాడు. "నువ్వేనారా?"

జవాబుగా పెల్లెట్ పెట్టి గన్ మూసిన చప్పుడు మాత్రం వచ్చింది. నిదానంగా.

పారిపోవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ రేపు ఇక్కడికి వచ్చేది అశ్విత. ఆ తలపే అతన్ని లేపింది. నేలకు అతుక్కుని, పక్కగా పాకుతూ, ఫ్లెక్సీ దాకా పోయాడు. పీకి పారేయాలని అంచు పట్టుకున్నాడు. ఫోన్ లైటు దాని అవతలివైపు పడింది.

నెలల తరబడి కాల్చిన కాల్పులకు తెల్లవైపు నడిమధ్య జల్లెడైపోయి ఉంది. ఇటువైపు ఆ ముఖం మీద ఒక్క చిల్లు లేదు. మీసం అలాగే ఉంది. బొట్టు అలాగే ఉంది. రెండు కళ్లూ తెరుచుకుని, అతన్నే చూస్తున్నాయి.

గన్ ఎక్కడ పడిందో తెలియదు. బండి ఎలా స్టార్టు చేశాడో తెలియదు. ఇంటికి వచ్చి దుప్పటి కప్పుకుని వణుకుతుంటే రాధిక జ్వరమనుకుని మాత్ర ఇచ్చింది.

తెల్లారగానే మాధవ్‌కు ఫోన్ చేశాడు.

"తప్పైపోయినాదిరా. నిన్ను అనుమానించినా. పిల్లని ఆడికి తీసకపోబాక. ఆ ఫ్లెక్సీలో మనిషెవుడురా?"

"నాకేం తెలుసురా? ఆర్డర్ ఇచ్చినోడి ఫోన్ ఆ రోజునించీ పలకడంలా. ఏమైంది నీకు? గొంతు అట్టుందే?"

రాఘవ చెప్పగలిగినంత చెప్పాడు. జ్వరంలో ఏదో మాట్లాడుతున్నాడనుకున్నాడో ఏమో, మాధవ్ నవ్వలేదు. సరే, పిల్లను తీసుకుపోనులే అన్నాడు. ఆ మాటతో రాఘవకు ప్రాణం కుదుటపడింది. మధ్యాహ్నం దాకా కొట్లో కూర్చుని, ఆకలేసి ఇంటికి వచ్చాడు. రాధిక మొహం చాలా రోజుల తర్వాత వికసించి ఉంది.

"నువ్వు కొట్లాడినా మాధవన్న మనసులో పెట్టుకోలేదయ్యా. క్వారీ కాడికి పోయి నీ సామానంతా తెచ్చిచ్చిపోయినాడు. గన్ మాత్రం ఎంత ఎతికినా దొరకలేదంట. ఫ్లెక్సీని ఎవురో చక్కంగా మడతపెట్టి రాయి మీద పెట్టినారంట."

రాఘవ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడ... ఏడుండాది అది?"

"పెరట్లో. పిల్ల చదువుకునేకాడ ఎండ కొడతా ఉంటే పరదాగా కట్టినా. చచ్చినోడి ముఖం ఇంటివైపు ఎందుకులే అని, అవతలికి తిప్పి కట్టినాలే."

రాఘవ పెరట్లోకి పరుగెత్తాడు. అశ్విత గోడకు కుర్చీ ఆనించుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుకుంటోంది. ఆమెకు ఎదురుగా తెల్లటి ఫ్లెక్సీ. ఆమె జడ మీద, భుజం మీద తెల్లగా పొడి రాలివుంది.

"ఈ గోడ చూడు నాన్నా, ఇందాకట్నించీ సున్నం రాలతానే ఉండాది," అంది విసుగ్గా దులుపుకుంటూ.

గోడ మీద, దూరంగా కుళాయి దగ్గర ఒక కొత్త గుంట. చిటికెన వేలి గోరంత. దానికి ఇవతల ఇంకొకటి. మూడోది అశ్విత తలకు బెత్తెడు పైన.

"లే తల్లీ," అన్నాడు. "లేచి లోపలికి పో."

"ఏంది నాన్నా నీ గోల..."

రెక్క పట్టుకుని లేపి, పక్కకు నెట్టాడు. ఆ పిల్ల గొణుక్కుంటూ నాలుగడుగులు వేసింది. రాఘవ పక్కగా పోయి ఫ్లెక్సీ అవతలికి తిరిగాడు. అక్కడ కంపచెట్ల కంచె, ఖాళీ జాగా తప్ప ఎవరూ లేరు. తెల్లవైపునుంచి అశ్విత గొంతు వినిపించింది.

"ఇంకొక్క పేజీనే నాన్నా, అయిపోతాది." కుర్చీలో మళ్లీ కూర్చున్న చప్పుడైంది.

రాఘవ తలెత్తి చూశాడు. అదే మీసం. అదే బొట్టు. నిన్న రెండు కళ్లతో చూసిన మనిషి ఇప్పుడు ఎడమకన్ను మూసుకుని ఉన్నాడు.