తొంభై ఏడు డిగ్రీల వంతెన

చేయాల్సినవి ఐదు. జుట్టు నెరిసినట్టు రంగు వేసుకోవడం. ల్యాబ్‌లో ఓవెన్ మెకానిక్‌గా చేరడం. నీలం స్ఫటికాల సీసా పట్టుకోవడం. దాన్ని నలభై నిమిషాలు వేడి చేయడం. ఎవరికీ చెప్పకపోవడం.

మొదటి నాలుగూ ఏజెంట్ అవలీలగా ముగించాడు.

చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాలే. ఆ స్ఫటికంలో రెండేసి కాపర్ పరమాణువుల మధ్య ఆక్సిజన్ వంతెన ఉంటుంది. వంతెన కోణం తొంభై ఏడు డిగ్రీలు దాటకపోతే రెండింటి ఎలక్ట్రాన్లూ ఒకే దిక్కుకి నిలుస్తాయి. అప్పుడు స్ఫటికాన్ని అయస్కాంతం గట్టిగా లాగుతుంది. వేడికి లోపలి నీరు పోతే కోణం విచ్చుకుని, అవి ఎదురెదురు తిరిగి బలం చచ్చిపోతుంది. ఈ స్ఫటికంతో మన జలాంతర్గాముల్ని పసిగట్టే సెన్సర్ చేయాలని విదేశీ ముఠా కంపెనీ వేషంలో వస్తోంది.

"ఫార్ములా వాళ్ల చేతికి చేరిపోయింది. పనికిరాదని వాళ్లంతట వాళ్లే నమ్మాలి," అన్నాడు చీఫ్.

ఆ స్ఫటికాలు పెంచింది ల్యాబ్‌లోని పెద్దాయన. వచ్చేది ఎవరో ఆయనకి తెలియదు. రెండు నెలలుగా తన టిఫిన్ డబ్బాలో సగం ఏజెంట్‌కే పెడుతున్నాడు.

టెస్ట్ రోజు ముఠా నాయకుడూ, పక్కన పట్టు స్కార్ఫ్‌లో వాళ్ల నిపుణురాలూ కూర్చున్నారు. ఆమె మన మనిషే. తూకానికి కట్టిన సీసా అయస్కాంతం ధ్రువాల మధ్య వేలాడింది. లాగుడు ఎంతో చూపే తూకం ముల్లు కదిలీ కదలనట్టు ఆగింది.

పెద్దాయన మొహం పాలిపోయింది. మరుక్షణం కోటు జేబులో చెయ్యి పెట్టాడు. ప్రతి బ్యాచ్‌లోంచీ చిటికెడు తర్వాతి బ్యాచ్‌కి విత్తనంగా దాచుకోవడం స్ఫటికాలు పెంచేవాళ్ల అలవాటు. చీఫ్ లిస్టులో అది లేదు, దానికి వేడీ తగల్లేదు.

"ఇంకొంచెం ఉందండీ. ఇది చూడండి," అంటూ చిన్న సీసా తీశాడు.

ముఠా నాయకుడు చెయ్యి చాచాడు. ఏజెంట్ ఇద్దరి మధ్యకీ వచ్చాడు.

"వదిలేయండి సార్. ఈయనకి చేతులు వణుకుతున్నాయి, కళ్లు కనబడవు. ఏ సీసాలో ఏం పోశాడో ఈయనకే తెలీదు."

పెద్దాయన అతని వంక చూశాడు. కోపం లేదు. నిజమేనేమో అన్న అనుమానం మాత్రం ఉంది.

"అంతేనేమో బాబూ," అని సీసా జేబులో వేసుకున్నాడు.

నిపుణురాలు నోట్‌బుక్ మూసి, "టైమ్ వేస్ట్, పదండి," అంది.

ఆ వారమే పెద్దాయన రాజీనామా చేశాడు. ఏజెంట్‌కి మెడల్ వచ్చింది. దేనికో రాయకూడదట, అతనికీ అదే నయమనిపించింది.

మీరు మాత్రం ఆ పెద్దాయనని గుర్తుంచుకోండి. ఆయన చెయ్యి ఏనాడూ తప్పలేదు.